కారవాన్ ఫ్లోరుకు ఏ వినైల్? బెజవాడ ఎండలో తేలిన లెక్క

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం బండి తలుపు తీసేసరికి నడవ మధ్యలో రెండు పలకలు పైకి లేచి, పిల్లలు పేకముక్కలతో కట్టే ఇల్లులా ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. మా ఆవిడ తొంగిచూసి, "ఏవండీ, లోపలికి పందికొక్కు దూరినట్టుంది" అంది. పందికొక్కు కాదు, ఎండ. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ప్లాస్టిక్ పలకలెంత?

అవి 4 మిల్లీమీటర్ల ఎస్‌పీసీ పలకలు, అంటే సున్నపురాయి పొడి కలిపి గట్టిగా చేసిన వినైల్ పలకలు. ఇంట్లో హాలుకు వేయించగా మిగిలిన డబ్బాలు అటక మీద ఉంటే, ఊరికే పడుండటమెందుకని బండికి వేసేశాను. పలకల్లో లోపం లేదు, ఇంట్లో వేసినవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తప్పు నాది. ఒక కొసన వంటగట్టునీ, ఇంకో కొసన మంచం పెట్టెనీ ఆ పలకల మీదుగానే స్క్రూలు దించి బిగించాను. ఒకదానిలో ఒకటి తగిలించే పలకలు కిందికి అతుక్కుని ఉండవు. వేడికి సాగినప్పుడు నాలుగు వైపులా కాస్త జరగడానికి చోటుండాలి. రెండు కొసలూ మేకులు కొట్టినట్టు పట్టేస్తే మధ్యలో లేవక ఏం చేస్తాయి?

ఆ దెబ్బతో ఫ్లోరు మొత్తం పీకించి, రెండోసారి వేరే రకం వేయించాను. ఈ పోలిక అంతా ఆ రెండు అనుభవాల మధ్య నేర్చుకున్నదే.

కారవాన్ అనగానే మనవాళ్లకు సినిమా హీరోల బండి గుర్తొస్తుంది. నాది ఆ బాపతు కాదు. ఆటోనగర్‌లో ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో సీట్లు పీకించి మంచం, వంటగట్టు, చిన్న బాత్రూమ్ పెట్టించుకున్న పాత ట్రావెలర్ వ్యాన్. ఫ్లోరు కొలత 4 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, అంటే 7.2 చదరపు మీటర్లు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే అసలు సిసలు టూరింగ్ కారవాన్లు మన రోడ్ల మీద అరుదు. ఇంగ్లండ్‌లో మాత్రం మామూలే. మా అక్క కొడుకు అక్కడ అలాంటిది పాతది ఒకటి కొన్నాడు. వాడికీ ఇదే సమయంలో ఫ్లోరు గొడవ వచ్చింది.

"మావయ్యా, వినైల్ చిరిగింది. మంచి డిజైన్ చూసి మార్చేద్దామనుకుంటున్నా. నీ సలహా ఏంటి?"

"డిజైన్ సంగతి తర్వాత. ముందు చెప్పులు విప్పి అటూ ఇటూ నడవరా. ఎక్కడన్నా మెత్తగా దిగుతోందా?"

"సింకు ముందు కొంచెం... కిర్రుమంటోంది కూడా."

అదీ అసలు సంగతి. పైన వేసే వినైల్ గురించి అందరూ అడుగుతారు, కిందున్న చెక్క గురించి ఎవరూ అడగరు.

ముందు కింద చెక్క

టూరింగ్ కారవాన్ల ఫ్లోరు చాలా వాటిలో శాండ్‌విచ్ లాంటిది. పైన సన్నని ప్లైవుడ్, కింద సన్నని ప్లైవుడ్, మధ్యలో థర్మకోల్ లాంటి ఫోమ్, మూడూ జిగురుతో అంటించి ఉంటాయి. తేలిగ్గా ఉండాలని అలా చేస్తారు. ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి గిన్నెలు కడుగుతుంటే ఆ జిగురు విడిపోతుంది, అడుగేస్తే మెత్తగా దిగుతుంది. అక్కడి వాళ్లు చేసే మరమ్మతు ముచ్చటగా ఉంటుంది. పై ప్లైవుడ్‌కు వరసగా చిన్న చిన్న రంధ్రాలు వేసి, పల్చటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) లోపలికి ఎక్కించి, చెక్క బిరడాలు కొట్టి, బరువు పెట్టి గట్టిపడే దాకా వదిలేస్తారు. ఆ పని చేయకుండా పైన ఎంత మంచి వినైల్ వేసినా పరుపు మీద చాప పరిచినట్టే.

మన దగ్గర బెడద ఇంకో రకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది కదా, ఆ నీళ్లలో రోజుల తరబడి నిలబడ్డ బండ్లు ఆ తర్వాత చాలా చేతులు మారాయి. నాది అందులో ఒకటి. చవగ్గా వచ్చింది, ఎందుకొచ్చిందో ఫ్లోరు పీకాక అర్థమైంది. పైనుంచి చూస్తే పలకల కిందున్న పాత మ్యాట్ మెరుస్తూనే ఉంది. మేస్త్రీ ఒక మూల ఎత్తి స్క్రూడ్రైవర్ గుచ్చితే అంగుళం లోపలికి దిగింది, నానబెట్టిన అటుకుల్లో చెంచా దిగినట్టు. వాసన చెప్పక్కర్లేదు. వినైల్ నీటిని కిందికి దిగనివ్వదు, నిజమే. కానీ కిందికి చేరిన తడిని పైకి పోనివ్వదు కూడా. అందుకే వరద బండిలో మ్యాట్ బాగుందంటే సంతోషించకండి, అనుమానించండి.

కొత్త ప్లైవుడ్ వేసేటప్పుడు ఐఎస్ 303 ముద్ర ఉన్నది మామూలు వాడకానికి, ఐఎస్ 710 అంటే మెరైన్ రకం, తడికి తట్టుకునేది. ఇంట్లో బీరువాకు 303 సరిపోతుంది. బండి ఫ్లోరుకు, అందులోనూ బాత్రూమ్ ఉన్న బండికి, 710 తప్ప ఇంకోటి వద్దు. నేను 12 మిల్లీమీటర్లది వేయించాను. కోసిన అంచులకు నీళ్లు ముందు ఎక్కుతాయి కాబట్టి అంచులకు రెండు పూతలు, అడుగు భాగానికి ఒక పూత ఎపాక్సీ పెయింట్ పూయించాను. పాత సీట్ల బోల్టుల రంధ్రాలు ఇనప ఫ్లోరులో అలాగే ఉంటాయి. టైరు ఎగజిమ్మిన నీళ్లు సరాసరి వాటిలోంచే పైకొస్తాయి. వాటిని మూయించకుండా ప్లైవుడ్ పరవనివ్వకండి. షెడ్డులో "ఏం కాదు సార్, పైన చెక్కొస్తుందిగా" అంటారు. మీరే టార్చి పెట్టి లెక్కపెట్టండి.

ఎండ లెక్క

ఇంటికి సలహా ఇచ్చేవాళ్లు మందం, డిజైన్, గ్యారంటీ చెబుతారు. బండికి అసలు ప్రశ్న, వేడికి ఎంత సాగుతుందన్నదే.

వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్కే. సాదా పీవీసీ ఒక మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీలప్పుడు కోసి పరిచారనుకోండి. మే నెలలో బెజవాడలో బయట 44, 45 ఉన్నప్పుడు, తలుపులన్నీ వేసి ఎండలో నిలబెట్టిన బండి లోపల 60 దాకా పోవడం వింతేం కాదు. 40 డిగ్రీల తేడా. 4 మీటర్ల పొడవు మీద లెక్కేస్తే 11 మిల్లీమీటర్లు. అదే పొడవు ఇనుము 2 మిల్లీమీటర్లు కూడా సాగదు. మిగిలిన తొమ్మిదీ ఎక్కడికి పోవాలి? గమ్ము గట్టిగా పట్టుకుంటే ఎక్కడికీ పోవు. పట్టుకోకపోతే అలలు లేస్తాయి, లేదా నా పలకల్లా ఇల్లు కడతాయి.

ఇందుకే రోల్ కొనేటప్పుడు దాని అంచు పట్టుకుని చూడండి. మంచి రోల్ మధ్యలో తెల్లటి దారపు వలలా గాజుపీచు పొర కనిపిస్తుంది. ఆ పొర ఉన్న వినైల్ సాగడం, కుంచించుకుపోవడం బాగా తక్కువ. ఆ పొర లేనిది, చేత్తో లాగితే రబ్బరులా సాగేది, ఎంత అందంగా ఉన్నా బండికి పనికిరాదు. నేను దుకాణంలో వెతికేది ముందు ఇదే, రంగు తర్వాతే.

ఏది దేనికి

ధరలు నెలకోలా ఉంటాయి కనుక వరస మాత్రం చెబుతాను. అన్నిటికన్నా చవక ఇంట్లో పరిచే మెత్తటి పీవీసీ కార్పెట్. దాని తర్వాత బస్సుల్లో వేసే గట్టి వినైల్ రోల్, ఆ పైన గమ్ముతో అంటించే ఎల్‌వీటీ పలకలు (చెక్క, రాయి డిజైన్లలో వచ్చే పల్చటి వినైల్ పలకలు), ఎస్‌పీసీ. వెనక కాగితం పీకి అంటించే పలకల గురించి ఒక్క మాట చాలు, వద్దు. ఆ జిగురు మన ఎండకు కరిగి అంచుల నుంచి నల్లగా కారుతుంది, దానికి ఇసక అంటుకుంటుంది.

మెత్తటి కార్పెట్‌ను తీసిపారేయను. 1.5 మిల్లీమీటర్ల రకం నా బండి మొత్తానికి పది కిలోల లోపే. రెండేళ్లకోసారి మార్చేస్తానంటే, ఏడాదికి నాలుగైదు ట్రిప్పులే అంటే, బేరమే. కాకపోతే మంచం కాళ్లు, గ్యాస్ బండ మచ్చలు దిగి అలాగే ఉండిపోతాయి. మా అక్క కొడుకు లాంటి వాళ్లకు ఇదే, ఇంకాస్త మంచి రకంలో, సరైన జవాబు. అక్కడ 2, 3, 4 మీటర్ల వెడల్పు రోళ్లు దొరుకుతాయి కాబట్టి అతుకే ఉండదు. వాళ్ల అసలు కష్టం బరువు. వాడి కారవాన్ ప్లేటు మీద అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే సామానుకు మిగిలేది 150 కిలోలే. అందులో బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, బట్టలు, గిన్నెలు అన్నీ రావాలి. నా కొలత ఫ్లోరుకు ఎస్‌పీసీ వేస్తే అదొక్కటే 60 కిలోలకు దగ్గరవుతుంది. ఒక మనిషిని అదనంగా ఎక్కించుకున్నట్టే. ఫ్లోరుకే ఇంత పెట్టేస్తే ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టుకుంటాడు?

ఎస్‌పీసీకి ఇంకో చిక్కు. అందులో సున్నపురాయి పొడి పాలు ఎక్కువ కాబట్టి సాదా పీవీసీ కన్నా తక్కువే సాగుతుంది. కానీ చలిదేశాల్లో ఫ్లోరు కింద వేడి గొట్టాలు పెట్టుకునే ఇళ్లకు, పలక పైభాగం వేడి 27 డిగ్రీలు దాటనివ్వొద్దని తయారీదార్లే రాస్తారు. మనకు 27 అంటే మంచి శీతాకాలపు మధ్యాహ్నం. పైగా బండి కదులుతుంటే బాడీ మొత్తం కొద్దిగా మెలి తిరుగుతుంది, ఆ తగిలింపు అంచులు గోడల మధ్య ఇంట్లో ఉన్నట్టు ఉండవు. తోటలో కదలకుండా నీడన నిలబెట్టే కారవాన్ అయితే, ఫర్నిచర్ గోడలకే బిగించగలిగితే, ఎస్‌పీసీ వేసుకోండి, నడవడానికి హాయిగా ఉంటుంది. తిరిగే బండికి నేనైతే మళ్లీ వేయను.

గమ్ముతో అంటించే 2 మిల్లీమీటర్ల ఎల్‌వీటీ పలకలు చూడ్డానికి అన్నిటికన్నా బాగుంటాయి, టేకు చెక్కలాగే. నా ఫ్లోరుకు 27 కిలోల దాకా పడతాయి. ఒక పలక పాడైతే ఆ ఒక్కటే పీకి మార్చొచ్చు, ఈ సుఖం రోల్‌లో లేదు. కానీ మనవాళ్లకు శుభ్రం అంటే బకెట్టుతో నీళ్లు గుమ్మరించి చీపురు పెట్టి గీకడం. తడిగుడ్డతో తుడిచి ఊరుకునే ఇల్లాలు ఉంటే చూపించండి. ఇన్ని అతుకులున్న ఫ్లోరు మీద అలా కడిగితే ఏదో ఒక అతుకులోంచి నీళ్లు ప్లైవుడ్‌కు చేరతాయి. ఎస్‌పీసీకీ అదే గతి.

ఇక మిగిలింది బస్సు వినైల్. ఆటోనగర్‌లో బస్సు మ్యాట్ అంటే ఎవరైనా చూపిస్తారు. 2 మిల్లీమీటర్ల మందం, పైన ఇసక గరుకులాంటి రేణువులు, తడి కాలితో అడుగేసినా జారదు. నా కొలతకు 20 కిలోలు. రంగులు నాలుగైదే, బూడిద, నీలం, గోధుమ, అన్నీ డిపోలో కూర్చున్నట్టే ఉంటాయి. మా ఆవిడ మొదట ముఖం చిట్లించింది. దీనికి ఇంకో మేలు ఉంది. బండి లోపల వాడే సామాను మీద మంట ఎంత వేగంగా పాకవచ్చో ఐఎస్ 15061 అనే ప్రమాణం చెబుతుంది, నిమిషానికి 100 మిల్లీమీటర్ల కన్నా వేగంగా మంట పాకకూడదు. బస్సుల కోసం చేసిన మంచి రకాలు ఈ పరీక్ష కాగితంతో వస్తాయి. ఇంటి కార్పెట్‌కు ఆ కాగితం అడిగితే దుకాణదారు మిమ్మల్ని వింతగా చూస్తాడు. వంట బండిలోనే చేసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కారవాన్‌గా చట్టప్రకారం ఆమోదం పొందే బండ్లకు ఏఐఎస్-124 అని వేరే నిబంధనలే ఉన్నాయి. బాడీ మార్పులకు ఆర్టీఓ కాగితాలు చేయించుకునే ఉద్దేశం ఉంటే బిల్లులూ పరీక్ష కాగితాలూ దాచుకోండి.

వెడల్పు మాత్రం కొలిచి కొనండి. నాకు 2 మీటర్ల రోల్ దొరికింది, 1.8 మీటర్ల ఫ్లోరుకు అతుకు లేకుండా వచ్చింది, మిగిలిన వెడల్పును రెండు వైపులా గోడ మీదికి 10 సెంటీమీటర్ల చొప్పున ఎక్కించాం. ఆసుపత్రుల్లో ఫ్లోరు గోడ మీదికి వంగి ఉంటుంది చూడండి, అలా. ఇప్పుడు బకెట్టు నీళ్లు గుమ్మరించినా మూలల్లోకి దిగవు.

గమ్ము దగ్గర పిసినారితనం వద్దు

సగం ఫ్లోర్లు చెడేది ఇక్కడే. షెడ్డుల్లో అలవాటుగా వాడేది పసుపు రంగు రబ్బరు గమ్ము, రెగ్జిన్‌కూ సన్‌మైకాకూ వాడేదే. పూసిన రోజు బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి అందులో కలిపే ప్లాస్టిసైజర్ నెమ్మదిగా ఆ గమ్ములోకి దిగి దాన్ని జిగట పాకంలా మార్చేస్తుంది. మొదటి వేసవి గడుస్తుంది, రెండో వేసవికి బుడగలు. మెత్తటి రకాలకు వినైల్ కోసమే చేసిన యాక్రిలిక్ గమ్ము తీసుకోండి. బస్సు వినైల్‌కు, ముఖ్యంగా తలుపు దగ్గర, బాత్రూమ్ ముందర, రెండు డబ్బాలు కలిపి వాడే పాలీయురేథేన్ గమ్ము. ఖరీదెక్కువ. కలిపాక ఆగదు, గబగబా పూసేయాలి. పళ్లున్న కరణితో ఒకే మందంలో పూస్తే బుడగలు మిగలవు.

పరిచాక గట్టిగా ఒత్తడానికి బరువైన రోలర్ ఉండాలి. మా షెడ్డులో లేదు. ఇంట్లోంచి అప్పడాల కర్ర పట్టుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని మధ్య నుంచి అంచులకు మూడుసార్లు ఒత్తాను. పని బాగా కుదిరింది, అప్పడాల కర్రను మాత్రం మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. అది ఇప్పుడు బండి సామాన్లలో ఒకటి. ఇంకో ముఖ్యమైన మాట, రబ్బరు గమ్ముల ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. తలుపులన్నీ తీసి, బీడీలూ వెల్డింగూ ఆపించాకే డబ్బా మూత తీయించండి.

ఫర్నిచర్ ముందా, ఫ్లోరు ముందా

కొత్తగా కడుతున్న బండి అయితే వినైల్ ముందు మొత్తం అంటించి, దాని మీద ఫర్నిచర్ బిగించడం మేలు. స్క్రూ రంధ్రంలో చుక్క సీలెంట్ వేయాలి. అంటించిన వినైల్‌కు ఈ బిగింపుతో నష్టం లేదు, నా పలకల గొడవ అతికించనివాటికే. టూరింగ్ కారవాన్లు ఫ్యాక్టరీలో కట్టేదీ చాలావరకు ఇదే వరసలో. అందుకే పాతదాంట్లో వినైల్ మార్చాలంటే కిందిదంతా పీకలేం. అల్మరా అంచుల వెంట కోసి, నడిచే మేర వరకే కొత్తది వేసుకోవాలి. పాతది గట్టిగా అతుక్కునే ఉంటే దాని మీదే వేయొచ్చు కూడా, అల్మరా తలుపులు ఫ్లోరును రాసుకోకుండా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

ఇలాంటి వంకర టింకర చోట్లకు కొలతలు రాసుకుని కోస్తే తప్పుతుంది. పాత దినపత్రికలు పరిచి, టేపుతో అతికించి, వీల్ బాక్సుల (చక్రాల పైన బండి లోపలికి పొడుచుకొచ్చే గూళ్ల) చుట్టూ, అల్మరా కాళ్ల చుట్టూ గోటితో నొక్కుకుంటూ అచ్చు తీయండి. ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో "పైకి" అని రాయండి. నేను రాయలేదు. రోల్ వెనక వైపు గీసుకుంటే తేలికని తిప్పి పరిచి, అచ్చును మాత్రం తిప్పకుండా పెట్టి గీసేశాను. కుడివైపు రావాల్సిన వీల్ బాక్స్ గాటు ఎడమకు వచ్చింది. అదృష్టం, ఇంకా కత్తి పెట్టలేదు, మేస్త్రీ చూసి ఆపాడు.

రోల్ తెచ్చిన రోజే కోయకండి. ఒక పగలూ రాత్రీ నీడలో చాప చుట్ట విప్పినట్టు విప్పి ఉంచితే వంపు పోతుంది. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. ఇంగ్లండ్‌లో దీనికి తలకిందులు, అవి పనికిరాని నెలలు, చల్లబడ్డ వినైల్ బిగుసుకుని విప్పుతుంటేనే చీలుతుంది. మా వాడికి మే దాకా ఆగమన్నాను.

వేశాక

ఈ ఫ్లోర్లకు మన వంటే పెద్ద పరీక్ష. ఆవకాయ నూనె, పసుపు లేత రంగు వినైల్ మీద రాత్రంతా ఉంటే తెల్లారి ఎంత తోమినా నీడ మిగులుతుంది. తెలుపు, క్రీము రంగులు చూపించే దుకాణదారుకు నమస్కారం పెట్టి బూడిద రంగు అడగండి. సూర్యలంక బీచ్‌కు వెళ్లొస్తే ఇసక ఉప్పుకాగితంలా పని చేస్తుంది, తలుపు దగ్గర కాళ్లు దులుపుకునే పట్టా తప్పదు. ఆ పట్టా అడుగున రబ్బరు ఉండకూడదు. రబ్బరు వినైల్‌కు తగిలి ఉన్నచోట కొన్నాళ్లకు పసుపుపచ్చటి మచ్చ పడుతుంది, అది మురికి కాదు, రసాయన మార్పు, ఏ ఫినాయిలుకూ పోదు. కొబ్బరి పీచు పట్టాలోనూ కొన్నిటికి రబ్బరు అడుగు ఉంటుంది, తిరగేసి చూడండి. గుంటూరు వైపు పొలాల నల్లరేగడి మట్టి మాత్రం ఎండనిస్తే గరుకు బస్సు వినైల్ గుంతల్లో ఇరుక్కుంటుంది. తడిగా ఉండగానే కడగాలి. బస్సు వినైల్‌తో నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు ఇదే.

కాబట్టి నన్నడిగితే, ఎండలో తిరిగే, లోపల వండుకునే, నీళ్లు పోసి కడిగే మన బండికి గాజుపీచు పొర ఉన్న బస్సు వినైల్, పూర్తిగా అంటించి. బరువు గ్రాముల్లో లెక్కపెట్టుకునే టూరింగ్ కారవాన్‌కు గాజుపీచు పొర ఉన్న మెత్తటి రోల్. అందమే ముఖ్యం, కడిగే అలవాటు మానుకోగలం అంటే ఎల్‌వీటీ.

కోయగా మిగిలిన ముక్కను షెడ్డులో వదిలి రాకండి. మాది చుట్టి మంచం కింద పెట్టాను. మొన్న దీపావళికి మారేడుమిల్లిలో ఆగినప్పుడు వేడి పెనం జారి స్టవ్ ముందర రూపాయి బిళ్లంత కాలింది. ఆ ముక్కలోంచి చిన్న చతురస్రం కోసి, పాతదానితో కలిపి ఒకేసారి కత్తి దించి, కాలిన ముక్క తీసి కొత్తది కూర్చాం. ఎక్కడుందో చూపించమంటే నాకూ ఒక నిమిషం పడుతుంది.